అందరికీ ఒకే ఆబ్జెక్ట్ ఇస్తే ఏమవుతుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి. వెబ్ అప్లికేషన్‌లో ఒక సర్వీసు ఆబ్జెక్ట్‌ని ఎంతమంది పంచుకోవచ్చు, అది ఎంతసేపు బతకాలి, దాన్ని ఎవరు పుట్టించాలి, ఎవరు మూసేయాలి అన్నదే గొడవంతా. భాషలు వేరు, ఫ్రేమ్‌వర్కులు వేరు, తిప్పలు మాత్రం ఒకటే. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి ఈ విడత మొత్తం డిపెండెన్సీ ఇంజెక్షన్‌కే, అంటే ఒక క్లాసుకి కావాల్సిన ఆబ్జెక్టులని అది తనే పుట్టించుకోకుండా బయటి నుంచి అందించే పద్ధతికే, ఇచ్చేశాను.

ప్రశ్న: లాగిన్ అయిన యూజర్ వివరాలు పెట్టుకోవడానికి ఒక సర్వీసు రాసి సింగిల్టన్‌గా రిజిస్టర్ చేశాను. ప్రతి రిక్వెస్ట్ మొదట్లో మిడిల్‌వేర్ అందులో యూజర్‌ని పెడుతుంది, మిగతా క్లాసులన్నీ అక్కడి నుంచి చదువుకుంటాయి. నా మెషీన్‌లో ఎన్నిసార్లు చూసినా బాగానే ఉంది. లైవ్‌లో మాత్రం ఎప్పుడైనా ఒకరి పేజీలో ఇంకొకరి పేరు కనిపిస్తోందట. బ్రౌజర్ కేష్ తీయించాను, సెషన్ సెట్టింగులు మార్చాను, లాభం లేదు. చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: టెన్షన్ పడాల్సిన విషయమేనండీ, పేరు తప్పు చూపించడంతో ఇది ఆగదు. ఈరోజు పేరు కనిపించింది, రేపు వాళ్ల ఆర్డర్లు, అడ్రసు, ఇంకేమైనా కనిపించొచ్చు. ముందు ఆ సర్వీసు రిజిస్ట్రేషన్‌ని సింగిల్టన్ నుంచి స్కోప్డ్‌కి (దాని అర్థం కింద చెప్తాను) మార్చి, లైవ్‌లో పెట్టి, ఆ తర్వాత మిగతా జవాబు చదవండి.

జరిగింది ఇది. సింగిల్టన్ అంటే అప్లికేషన్ నడుస్తున్నంతసేపు ఆ క్లాసుకి ఒకటే ఆబ్జెక్ట్. వెబ్ సర్వర్ రిక్వెస్టులని ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా చూసుకోదు కదా, ఒకేసారి పదులు, వందలు నడిపిస్తుంది. మొదటి రిక్వెస్ట్ వచ్చి ఆ ఆబ్జెక్ట్‌లో తన యూజర్‌ని రాసింది, డేటాబేస్ నుంచి జవాబు కోసం ఒక అరక్షణం ఆగింది, ఈలోపు రెండో రిక్వెస్ట్ వచ్చి అదే ఫీల్డులో తన యూజర్‌ని రాసేసింది, మొదటిది నిద్ర లేచి చదివేసరికి అక్కడున్నది రెండో మనిషి. ఊరందరికీ ఒకే పలక ఇచ్చి మీమీ పేర్లు రాసుకోండి అన్నట్టు ఉంది వ్యవహారం. మీ మెషీన్‌లో రాకపోవడానికి కారణం అక్కడ మీరొక్కరే క్లిక్ చేస్తున్నారు, రెండు రిక్వెస్టులు ఒకదానిమీద ఒకటి పడే అవకాశమే లేదు. అనుమానం ఉంటే ఆ సర్వీసులో రాయడానికీ చదవడానికీ మధ్య రెండు సెకన్ల ఆలస్యం కావాలని పెట్టి, రెండు వేర్వేరు బ్రౌజర్లలో వేర్వేరు అకౌంట్లతో ఒకేసారి పేజీ తెరవండి. బగ్ వెంటనే చేతికి చిక్కుతుంది.

డాట్‌నెట్‌లో వచ్చే కంటైనర్ (ఆబ్జెక్టులని పుట్టించి, అడిగిన క్లాసులకి అందించే భాగం) మూడు రకాల ఆయుష్షు ఇస్తుంది. సింగిల్టన్ అంటే అప్లికేషన్ మొత్తానికి ఒకటి. స్కోప్డ్ అంటే ఒక స్కోప్‌కి ఒకటి, వెబ్‌లో అది మామూలుగా ఒక హెచ్‌టీటీపీ రిక్వెస్టుకి ఒకటి. ట్రాన్సియెంట్ అంటే అడిగిన ప్రతిసారీ కొత్తది. మీ యూజర్ సర్వీసుకి కావాల్సింది స్కోప్డ్, అప్పుడు ఏ రిక్వెస్టుకి ఆ రిక్వెస్ట్ సొంత ఆబ్జెక్ట్ వస్తుంది, రిక్వెస్ట్ అయిపోగానే పోతుంది. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ వాడేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, అక్కడ ఏమీ చెప్పకుండా వదిలేస్తే సింగిల్టనే, నోడ్ మీద నడిచే నెస్ట్‌జేఎస్‌లోనూ అంతే. అంటే ఆ రెండింటిలో ఈ తప్పు చేయడానికి ఒక్క ముక్క కూడా ఎక్కువ టైప్ చేయనక్కర్లేదు, సర్వీసు క్లాసులో ఒక ఫీల్డు పెట్టి అందులో ఏదో రాస్తే చాలు.

కాబట్టి సింగిల్టన్ అంటేనే భయపడి పారిపోవాలా? అక్కర్లేదు. ఒక్కటి చూసుకోండి, ఆ ఆబ్జెక్ట్‌లో ఒక్క రిక్వెస్టుకో ఒక్క మనిషికో చెందిన డేటా ఏదైనా నిల్వ ఉంటోందా? లేకపోతే నిక్షేపంగా పంచుకోవచ్చు. పన్ను లెక్కగట్టే సర్వీసు ఉంది, దానికి కావాల్సినవన్నీ మెథడ్ ఆర్గ్యుమెంట్లుగా వస్తాయి, జవాబు రిటర్న్ అవుతుంది, లోపల ఏమీ మిగలదు, దాన్ని వెయ్యి థ్రెడ్లు (సర్వర్‌లో పక్కపక్కనే నడిచే పనుల దారులు) ఒకేసారి పిలిచినా ఏమీ కాదు. లోకల్ వేరియబుల్స్ ఏ కాల్‌వి ఆ కాల్‌కే ఉంటాయి, ప్రమాదమంతా ఫీల్డుల దగ్గరే. స్టార్టప్‌లో ఒకసారి చదివి మళ్లీ మార్చని కాన్ఫిగరేషన్ ఉంటే అదీ సమస్య కాదు.

ఇంకో మాట, కనిపించని ఫీల్డులూ ఉంటాయి. జావాలో సింపుల్‌డేట్‌ఫార్మాట్ ఆబ్జెక్ట్‌ని సర్వీసులో ఫీల్డుగా పెట్టుకుంటారు, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, కానీ అది లోపల తన క్యాలెండర్‌ని మార్చుకుంటూ పనిచేస్తుంది, రెండు థ్రెడ్లు ఒకేసారి వాడితే తేదీలు కలగాపులగం. జావా 8తో వచ్చిన డేట్‌టైమ్‌ఫార్మాటర్ మారని ఆబ్జెక్ట్, దాన్ని పంచుకోవచ్చు. అలాగే థ్రెడ్‌లోకల్‌లో (ఒక్కో థ్రెడ్‌కి విడిగా ఉండే నిల్వలో) యూజర్‌ని పెడితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, రిక్వెస్ట్ చివర్లో దాన్ని ఖాళీ చేస్తున్నారో లేదో అడగండి. సర్వర్ థ్రెడ్లని పూల్‌లో పెట్టి మళ్లీ మళ్లీ వాడుతుంది, పాత యూజర్ అందులో అలాగే కూర్చుని ఉంటాడు.

ప్రశ్న: నా సింగిల్టన్ సర్వీసులోకి డీబీకాంటెక్స్ట్ (డాట్‌నెట్‌లో డేటాబేస్‌తో మాట్లాడే ఆబ్జెక్ట్) ఇంజెక్ట్ చేస్తే, సింగిల్టన్ నుంచి స్కోప్డ్ సర్వీసుని వాడలేవు అని ఎర్రర్ వస్తోంది. వింత ఏంటంటే ఇదే కోడ్ టెస్ట్ సర్వర్‌లో పెడితే ఎర్రర్ లేకుండా నడుస్తోంది. అలాగే వదిలేయొచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఎర్రర్ ఇచ్చిన మీ మెషీన్ మీకు మేలు చేసింది, మౌనంగా ఉన్న టెస్ట్ సర్వరే ముంచుతుంది. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ఈ స్కోప్ తనిఖీని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లోనే డిఫాల్ట్‌గా ఆన్ చేస్తుంది. బయట అది ఆఫ్, కాబట్టి కంటైనర్ కిక్కురుమనకుండా ఆ డీబీకాంటెక్స్ట్‌ని తయారుచేసి మీ సింగిల్టన్‌కి ఇచ్చేస్తుంది.

ఇచ్చాక ఏమవుతుందంటే, రిక్వెస్ట్ అవగానే పోవాల్సిన కాంటెక్స్ట్ సింగిల్టన్ చేతిలో ఉండిపోతుంది, సింగిల్టన్ ఎప్పటికీ పోదు కనుక అదీ పోదు. దీనికి డిపెండెన్సీ ఇంజెక్షన్ మీద పుస్తకం రాసిన మార్క్ సీమన్ పెట్టిన పేరు క్యాప్టివ్ డిపెండెన్సీ, అంటే బందీ అయిపోయిన డిపెండెన్సీ. లక్షణాలు ఇలా ఉంటాయి. మొదట కొంతసేపు అంతా బాగుంటుంది. తర్వాత డేటాబేస్‌లో మార్చిన విలువ స్క్రీన్ మీద పాతదే కనిపిస్తుంది, ఎందుకంటే కాంటెక్స్ట్ ఒకసారి లోడ్ చేసిన ఎంటిటీని (డేటాబేస్ వరసకి ఆబ్జెక్ట్ రూపాన్ని) ట్రాక్ చేస్తూ తన దగ్గర ఉన్నదే ఇస్తుంది. ట్రాక్ చేసేవి పెరిగేకొద్దీ మెమరీ పెరుగుతుంది. ట్రాఫిక్ కాస్త పుంజుకోగానే, ముందు మొదలైన ఆపరేషన్ అవకముందే ఇదే కాంటెక్స్ట్ మీద రెండోది మొదలైంది అన్న ఎక్సెప్షన్ వస్తుంది, ఎందుకంటే డీబీకాంటెక్స్ట్ థ్రెడ్ సేఫ్ కాదు. ఇవన్నీ వేర్వేరు రోజుల్లో వేర్వేరు బగ్గులుగా టికెట్లలోకి ఎక్కుతాయి, మూలం ఒకటేనని ఎవరికీ తట్టదు.

నియమం ఒక వైపే పనిచేస్తుంది. ఎక్కువకాలం బతికేది తక్కువకాలం బతికేదాన్ని పట్టుకోకూడదు. స్కోప్డ్ సర్వీసు సింగిల్టన్‌ని వాడుకోవచ్చు, అందులో తప్పు లేదు. తిరగేస్తేనే చిక్కు.

బయటపడే దారుల్లో మొదట చూడాల్సింది, మీ సర్వీసు అసలు సింగిల్టన్ ఎందుకైంది అని. చాలా కోడ్‌లో దానికి కారణమే ఉండదు, ఎవరో వేగంగా ఉంటుందని పెట్టి ఉంటారు, ఒక చిన్న ఆబ్జెక్ట్‌ని పుట్టించడానికయ్యే ఖర్చు ఒక డేటాబేస్ క్వెరీ పక్కన లెక్కలోకే రాదు. దాన్ని స్కోప్డ్ చేస్తే కథ ముగిసింది. నిజంగానే సింగిల్టన్‌గా ఉండాల్సినదైతే, ఉదాహరణకి బ్యాక్‌గ్రౌండ్‌లో తిరిగే హోస్టెడ్ సర్వీసైతే, దానికి రిక్వెస్టే ఉండదు కాబట్టి స్కోప్ మీరే తయారుచేయాలి. స్కోప్ ఫ్యాక్టరీని ఇంజెక్ట్ చేసుకుని, ప్రతి రౌండుకీ కొత్త స్కోప్ తెరిచి, అందులోంచి కాంటెక్స్ట్ తీసుకుని, పని అవగానే స్కోప్ మూసేయండి. లూప్ బయట ఒక్కసారి స్కోప్ తెరిచి లోపలంతా అదే వాడే కోడ్ చాలా చూస్తుంటాం, అది మళ్లీ మొదటికే వచ్చినట్టు. కాంటెక్స్ట్ ఒక్కటే కావాలంటే డీబీకాంటెక్స్ట్ ఫ్యాక్టరీ ఇంకా సులువు.

స్కోప్డ్ చేశాక కూడా ఒక గుంట ఉంది. ఒకే రిక్వెస్టులో మూడు క్వెరీలని ఒకేసారి మొదలుపెట్టి అన్నిటికోసం కలిపి ఎదురుచూస్తే, మూడూ ఒకే కాంటెక్స్ట్ మీద పడతాయి, అదే ఎక్సెప్షన్ మళ్లీ వస్తుంది. వరసగా నడిపించండి, లేదా ఫ్యాక్టరీ నుంచి మూడు కాంటెక్స్టులు తీసుకోండి.

స్ప్రింగ్‌లో ఈ కథ కొంచెం వేరు. అక్కడ డేటాబేస్ పని చూసే రిపాజిటరీలు సింగిల్టన్లే, అయినా ఏమీ కాదు, ఎందుకంటే లోపలికి ఇంజెక్ట్ అయ్యే ఎంటిటీమేనేజర్ (డీబీకాంటెక్స్ట్ లాంటిదే) అసలుది కాదు, అదొక ప్రాక్సీ, నడుస్తున్న ట్రాన్సాక్షన్‌కి చెందిన అసలు మేనేజర్‌కి పని అప్పజెబుతుంది. కానీ ప్రోటోటైప్ స్కోప్ (అడిగిన ప్రతిసారీ కొత్తది) ఉన్న బీన్‌ని, అంటే స్ప్రింగ్ చూసుకునే ఆబ్జెక్ట్‌ని, సింగిల్టన్‌లోకి ఇంజెక్ట్ చేస్తే ప్రతిసారీ కొత్తది వస్తుందని ఆశపడకండి, సింగిల్టన్ ఒకేసారి పుడుతుంది కనుక దానికి ఒకేసారి ఇస్తారు, అంతే సంగతులు. ప్రతిసారీ కొత్తది కావాలంటే ఆబ్జెక్ట్‌ప్రొవైడర్ ఇంజెక్ట్ చేసుకుని దాన్ని అడగాలి.

మీ డాట్‌నెట్ ప్రాజెక్టుకి వస్తే, టెస్ట్ సర్వర్‌లోనూ పైన చెప్పిన స్కోప్ తనిఖీ ఆన్ చేసుకోండి. ఒక్క లైను పని.

ప్రశ్న: ఇంత గోల ఎందుకండీ? స్టాటిక్ క్లాస్ పెట్టుకుంటే ఎక్కడినుంచైనా పిలుచుకోవచ్చు. ఈ కంటైనర్, ఇంటర్‌ఫేస్, రిజిస్ట్రేషన్ అంతా పెద్ద పెద్ద ప్రాజెక్టుల ఫ్యాషన్ అని నా అభిప్రాయం.

జవాబు: మీ అభిప్రాయంలో సగం నాకూ నచ్చింది. స్ట్రింగ్‌లో ఖాళీలు తీసేసే ఫంక్షన్‌కి ఇంటర్‌ఫేస్ రాసి, క్లాస్ రాసి, కంటైనర్‌లో రిజిస్టర్ చేసే కోడ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బయటి ప్రపంచంతో పని లేని ఫంక్షన్ స్టాటిక్‌గానే ఉండనివ్వండి.

మిగతా సగం దగ్గర ఒప్పుకోను. ఈమెయిల్ పంపే సర్వీసు స్టాటిక్ అయితే, ఆర్డర్ క్లాస్‌కి టెస్ట్ రాసిన ప్రతిసారీ నిజంగా ఈమెయిల్ వెళ్తుంది. కన్స్ట్రక్టర్ ద్వారా వస్తే టెస్టులో ఉత్తుత్తిది ఇచ్చి, ఎవరికి ఏం పంపబోయిందో చూసుకోవచ్చు. ఇంకోటి, స్టాటిక్ పిలుపులు మెథడ్ మధ్యలో దాక్కుంటాయి, ఆ క్లాస్ దేని మీద ఆధారపడిందో మొత్తం చదివితే గానీ తెలీదు. కన్స్ట్రక్టర్ చూస్తే ఒక్క చూపులో తెలుస్తుంది. కంటైనర్ లేకుండా కూడా ఇది చేయొచ్చు, స్టార్టప్ ఫైల్లో ఆబ్జెక్టులని మీరే వరసగా పుట్టించి ఒకదానికొకటి ఇచ్చుకుంటూ పోవడమూ డిపెండెన్సీ ఇంజెక్షనే. చిన్న ప్రాజెక్టుకి అది చాలు. 2004లో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది, పద్ధతి అంతకుముందు నుంచీ ఉన్నదే.

ఒక్క పని మాత్రం చేయకండి. కంటైనర్‌నే క్లాసులోకి ఇంజెక్ట్ చేసుకుని, కావాల్సినప్పుడల్లా లోపల్నుంచి అడిగి తీసుకోవడం. పేరుకి ఇంజెక్షన్, పనికి మళ్లీ గ్లోబల్ వేరియబులే.

ప్రశ్న: బయటి ఏపీఐని పిలవడానికి డాట్‌నెట్‌లో ప్రతి కాల్‌కీ కొత్త హెచ్‌టీటీపీక్లయింట్ తీసుకుని, పని అవగానే డిస్పోజ్ చేస్తున్నాను. శుభ్రమైన కోడే కదా. లోడ్ టెస్టులో సాకెట్లు (నెట్‌వర్క్ కనెక్షన్ కొనలు) దొరకట్లేదని ఎర్రర్లు వస్తున్నాయి. స్టాటిక్ చేసి ఒకటే వాడమని ఒకరు, అస్సలు చేయొద్దని ఇంకొకరు. ఎవరిది నిజం?

జవాబు: ఇద్దరిదీ నిజమే, చెరో సగం చెప్పారు.

క్లయింట్‌ని డిస్పోజ్ చేసినంత మాత్రాన ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కనెక్షన్‌ని వెంటనే వదిలేయదు. మూసిన పక్క కొంతసేపు టైమ్ వెయిట్ అనే స్థితిలో ఉంచుతుంది, ఆలస్యంగా వచ్చే ప్యాకెట్లు కొత్త కనెక్షన్‌లో కలిసిపోకుండా. విండోస్‌లో అది డిఫాల్ట్‌గా 240 సెకన్లు అని చెప్తారు, లినక్స్‌లో 60. సెకనుకి వంద కాల్స్ చేస్తే ఆ నాలుగు నిమిషాల్లో 24,000 సాకెట్లు ఊరికే కూర్చుంటాయి, తాత్కాలిక పోర్టులు అయిపోతాయి. కాబట్టి పంచుకోమన్నవాళ్లది నిజం.

వద్దన్నవాళ్ల బాధ డీఎన్ఎస్, అంటే సర్వర్ పేరుని ఐపీ అడ్రసుగా మార్చే వ్యవస్థ. ఒకే క్లయింట్‌ని నెలలపాటు వాడితే అది తెరిచి పెట్టుకున్న కనెక్షన్ పాత ఐపీకే అతుక్కుని ఉంటుంది, అవతలివాళ్లు సర్వర్ మార్చినా మీకు తెలీదు. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 2.1తో 2018లో వచ్చిన హెచ్‌టీటీపీక్లయింట్ ఫ్యాక్టరీ ఈ రెండిటినీ తీరుస్తుంది. పైన కనిపించే క్లయింట్ ఆబ్జెక్ట్ చవక, అడిగినప్పుడల్లా కొత్తది ఇస్తుంది, కింద కనెక్షన్లు పట్టుకుని ఉండే హ్యాండ్లర్‌ని మాత్రం పంచుతుంది, డిఫాల్ట్‌గా రెండు నిమిషాలకి మారుస్తుంది. అయితే ఫ్యాక్టరీ ఇచ్చిన టైప్డ్ క్లయింట్‌ని (క్లయింట్‌ని లోపల పెట్టుకున్న మీ సొంత క్లాస్) తీసుకెళ్లి సింగిల్టన్‌లో పెట్టుకుంటే డీబీకాంటెక్స్ట్ జవాబులో చెప్పిన బందీ కథే ఇక్కడా, డీఎన్ఎస్ గొడవ మళ్లీ మొదలు. సింగిల్టన్‌లోనే వాడాలంటే ఫ్యాక్టరీని పట్టుకోండి, క్లయింట్‌ని కాదు. లేదంటే ఒకే క్లయింట్ ఉంచి దాని సాకెట్ హ్యాండ్లర్‌లో పూల్డ్ కనెక్షన్ లైఫ్‌టైమ్ అనే సెట్టింగ్‌కి కొన్ని నిమిషాలు ఇవ్వండి. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, కదిలే భాగాలు తక్కువ.

ప్రశ్న: పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో ఏళ్లుగా సింగిల్టన్లు వాడుతున్నాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. వేగం కోసం ఆక్టేన్‌కి మారాక ఒకరి కార్ట్ ఇంకొకరికి కనిపిస్తోంది, మెమరీ కూడా పెరుగుతూ పోతోంది. ఆక్టేన్‌లో బగ్ ఉందా?

జవాబు: ఆక్టేన్‌ని తిట్టకండి. మామూలు పీహెచ్‌పీలో రిక్వెస్ట్ వస్తుంది, అప్లికేషన్ మొత్తం కొత్తగా పుడుతుంది, జవాబు ఇచ్చి చచ్చిపోతుంది. అక్కడ మీరు సింగిల్టన్ అని రాసినా దాని ఆయుష్షు ఒక్క రిక్వెస్టే. అంటే ఇన్నాళ్లూ స్కోప్డ్‌ని సింగిల్టన్ అనే పేరుతో వాడుతున్నారు. ఆక్టేన్ అప్లికేషన్‌ని ఒకసారి లేపి మెమరీలో ఉంచేసి, దాంతోనే వందల రిక్వెస్టులు నడుపుతుంది, కాబట్టి మీ సింగిల్టన్ ఇప్పుడు నిజంగా సింగిల్టన్ అయింది.

కార్ట్, యూజర్, ఎంచుకున్న భాష లాంటి వాటిని పట్టుకునే సర్వీసుల్ని సింగిల్టన్ బదులు స్కోప్డ్ అనే మెథడ్‌తో బైండ్ చేయండి, కొత్త రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా లారవెల్ వాటిని తుడిచేస్తుంది. సింగిల్టన్ కన్స్ట్రక్టర్లలోకి రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌నో కంటైనర్‌నో ఇస్తున్నారేమో వెతకండి, అక్కడ మొదటి రిక్వెస్టే శాశ్వతంగా ఉండిపోతుంది. మెమరీ సంగతికొస్తే, స్టాటిక్ అర్రేలోకి ఏదో తోస్తూ ఎప్పుడూ తీయని కోడ్ ఎక్కడో ఉంటుంది. ఆక్టేన్ డిఫాల్ట్‌గా 500 రిక్వెస్టులకి ఒకసారి వర్కర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది, దానివల్ల లీక్ చిన్నగా కనిపిస్తుంది గానీ మాయమవదు. ఆ సంఖ్య తగ్గించి చేతులు దులుపుకోవద్దు.

వెనకాల పనుల్ని వరసలోంచి తీసుకుని చేసే క్యూ వర్కర్లూ ఇలాగే చాలాసేపు బతికే ప్రాసెస్‌లు. అక్కడ ఈ సమస్య ఆక్టేన్‌కి ముందు నుంచే ఉండి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు.

ప్రశ్న: బ్రౌజర్ ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌లో ఒక సర్వీసులో కౌంట్ పెంచితే ఇంకో కాంపొనెంట్‌లో సున్నాగానే ఉంది. ప్రొవైడెడ్ ఇన్ రూట్ (అప్లికేషన్ మొత్తానికి ఒకటే) అని పెట్టాను కూడా.

జవాబు: ఆ రెండో కాంపొనెంట్ డెకరేటర్‌లో ప్రొవైడర్స్ లిస్ట్ చూడండి, అక్కడ కూడా ఆ సర్వీసు పేరు ఉండే ఉంటుంది. అక్కడ రాస్తే ఆ కాంపొనెంట్‌కీ దాని కింద ఉన్నవాటికీ వేరే ఆబ్జెక్ట్ పుడుతుంది, రూట్‌లో ఉన్నదాన్ని పట్టించుకోరు. తీసేయండి, సరిపోతుంది. అవసరమైనప్పుడు కావాలనే అలా పెట్టొచ్చు, ఉదాహరణకి ఒక పెద్ద ఫారానికి సొంత స్థితి కావాలి, ఫారం మూయగానే అది కూడా పోవాలి అనుకున్నప్పుడు. మూసేటప్పుడు పిలిచే ఆన్‌డిస్ట్రాయ్ మెథడ్ కూడా అప్పుడు దానికి నడుస్తుంది.

బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌లో ఉండేది ఒక్క యూజరే కాబట్టి రూట్ సర్వీసులో యూజర్ వివరాలు పెట్టినా పర్వాలేదు. సర్వర్ మీద రెండర్ చేయడం మొదలుపెడితే మాత్రం ఫైల్ పైభాగంలో పెట్టిన వేరియబుల్స్‌ని అన్ని రిక్వెస్టులూ పంచుకుంటాయి. యాంగ్యులర్ అనే కాదు, జావాస్క్రిప్ట్‌లో ఏది వాడినా అంతే.

ప్రశ్న: సింగిల్టన్ సర్వీసులో ఒక డిక్షనరీ పెట్టి కేష్‌లా వాడుతున్నాను. ఒక సర్వర్ ఉన్నంతవరకూ బ్రహ్మాండం. రెండో సర్వర్ పెట్టాక పేజీ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ పాత ధర, కొత్త ధర మార్చి మార్చి కనిపిస్తున్నాయి. అంతకుముందు అప్పుడప్పుడు డిక్షనరీయే ఎర్రర్ ఇచ్చేది, ట్రై క్యాచ్ పెట్టి సర్దుకున్నాను.

జవాబు: ఆ ట్రై క్యాచ్ దగ్గర మొదలుపెడదాం. మామూలు డిక్షనరీలోకి రెండు థ్రెడ్లు ఒకేసారి రాస్తే దాని లోపలి అమరికే చెడిపోవచ్చు, ఎక్సెప్షన్ మింగేస్తే చెడిపోయింది బాగుపడదు. కాంకరెంట్ డిక్షనరీ వాడండి. దానిలోనూ ఒక మెలిక ఉంది, గెట్ ఆర్ యాడ్‌కి ఇచ్చిన ఫంక్షన్ ఒకే కీకి ఒకటి కంటే ఎక్కువసార్లు నడవొచ్చు, చివరికి నిలిచేది ఒక విలువే అయినా. ఆ ఫంక్షన్ బరువైన క్వెరీ అయితే విలువని లేజీలో (మొదటిసారి అడిగినప్పుడు ఒక్కసారే లెక్కగట్టే రకం) చుట్టి పెట్టండి. జావాలో కాంకరెంట్‌హాష్‌మ్యాప్‌లోని కంప్యూట్ ఇఫ్ ఆబ్సెంట్ అయితే ఒక కీకి ఒకేసారి నడుపుతుంది, కాకపోతే అది నడుస్తున్నంతసేపు మిగతావాళ్లు ఆగాల్సి రావొచ్చు. కౌంటర్లకీ ఇదే జాగ్రత్త, ఒకటి కలపడం చూడ్డానికి ఒకే అడుగు, నిజానికి చదవడం, కలపడం, రాయడం అని మూడు, మధ్యలో ఇంకొకరు దూరితే ఒక లెక్క పోతుంది. మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే అడుగులో చేసే అటామిక్ రకాలు అందుకే ఉన్నాయి.

ఇక రెండో సర్వర్. సింగిల్టన్ అంటే ప్రపంచానికి ఒకటి కాదు, ఒక ప్రాసెస్‌లో ఆ కంటైనర్‌కి ఒకటి. రెండు సర్వర్లు ఉంటే రెండు ప్రాసెస్‌లు, రెండు డిక్షనరీలు, ధర ఒకదానిలో మారింది, రెండోదానికి ఎవరూ చెప్పలేదు, లోడ్ బ్యాలెన్సర్ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతోంది. దీనికి రెండో సర్వరే రానక్కర్లేదు, పైథాన్ సర్వర్ గునికార్న్ నాలుగు వర్కర్లతో నడుస్తున్నా, నోడ్‌ని క్లస్టర్‌గా నడిపినా ఒకే మెషీన్‌లో ఇదే జరుగుతుంది. అన్ని ప్రాసెస్‌లూ ఒకే మాట చెప్పాల్సిన డేటాని ప్రాసెస్ బయట పెట్టాలి, డేటాబేస్‌లోనో, రెడిస్ అనే ఉమ్మడి కేష్ సర్వర్‌లోనో. కొన్ని సెకన్ల తేడా పర్వాలేదనుకుంటే డిక్షనరీనే ఉంచి చిన్న గడువు పెట్టండి. దేశాల జాబితా లాంటిదైతే ఏమీ చేయకండి, ఉన్నదే బాగుంది. ధర విషయంలో మాత్రం, స్క్రీన్ మీద ఏం చూపించినా బిల్లు వేసేముందు డేటాబేస్‌లో మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: ఒక సర్వీసు కన్స్ట్రక్టర్‌లో పద్నాలుగు డిపెండెన్సీలు అయ్యాయి. పైగా ఆర్డర్ సర్వీసుకి బిల్లింగ్ సర్వీసు కావాలి, బిల్లింగ్‌కి ఆర్డర్ కావాలి. స్ప్రింగ్ బూట్ కొత్త వెర్షన్‌కి మారగానే అప్లికేషన్ లేవడమే మానేసింది. ఫీల్డ్ ఇంజెక్షన్‌కి మార్చినా అదే ఎర్రర్.

జవాబు: స్ప్రింగ్ బూట్ 2.6 నుంచి ఇలా ఒకదానికొకటి చుట్టుకున్న బీన్లని డిఫాల్ట్‌గా ఒప్పుకోవడం లేదు. పాత పద్ధతికి వెళ్లే సెట్టింగ్ ఉంది, ఈరోజు రిలీజ్ ఉంటే ఆన్ చేసుకోండి, నేనేమీ అనను, కానీ తీసేయడానికి ఒక టికెట్ కూడా ఇప్పుడే రాయండి.

పద్నాలుగు డిపెండెన్సీలు ఫీల్డుల్లోకి మార్చితే కన్స్ట్రక్టర్ చిన్నదవుతుంది, క్లాస్ అవదు. ఏ మెథడ్ ఏ డిపెండెన్సీని వాడుతోందో కాగితం మీద గీయండి, సాధారణంగా రెండో మూడో గుంపులు వాటంతటవే కనిపిస్తాయి, ఈమెయిల్, ఎస్ఎంఎస్, టెంప్లేట్ ఒక పక్క, ధర, డిస్కౌంట్, పన్ను ఇంకో పక్క. ఒక్కో గుంపు ఒక్కో క్లాస్ అవుతుంది. ఆ చుట్టు విషయంలో, బిల్లింగ్‌కి నిజంగా ఆర్డర్ సర్వీసు మొత్తం కావాలా, లేక ఆర్డర్ విలువ ఎంతో తెలిస్తే చాలా? విలువే చాలంటే దాన్ని ఆర్గ్యుమెంట్‌గా పంపండి, ఆ బాణం అక్కడితో తెగిపోతుంది. బిల్లు కట్టగానే ఆర్డర్ స్థితి మారాలి, అందుకే పిలుస్తోంది అంటారా, అయితే బిల్లింగ్ ఒక ఈవెంట్ పంపనివ్వండి, ఆర్డర్ వైపు దాన్ని వినే లిజనర్ పెట్టండి. స్ప్రింగ్‌లో మీరు వేరే ఏమీ చెప్పకపోతే ఆ లిజనర్ అదే థ్రెడ్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, అక్కడ ఎక్సెప్షన్ వస్తే బిల్లు కూడా వెనక్కి పోతుంది. అది మీకు కావాలో వద్దో ముందే తేల్చుకోండి. వద్దనుకుంటే ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాక నడిచే లిజనర్ పెట్టుకోవచ్చు, కాకపోతే అందులో డేటాబేస్‌లోకి ఏదైనా రాయాలంటే కొత్త ట్రాన్సాక్షన్ తెరవాలి, లేకపోతే రాసినట్టే ఉంటుంది, సేవ్ మాత్రం అవ్వదు.